శుక్రవారం తేదీ

నాకు ముక్కుమీద కోపం అంటారు మా ఆఫీసులో. అననివ్వండి. ఇరవై రెండేళ్లుగా విదేశాల నుంచి మా యూనివర్సిటీకి వచ్చే పరిశోధకుల కాగితాలు చూస్తున్నాను. ఎక్స్ఛేంజ్ వీసా మీద ఎవరొచ్చినా ముందు నా కౌంటరుకే రావాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు రాయండి మహాప్రభో అంటే ముద్దుపేరు రాసిచ్చే ప్రొఫెసర్లనీ, పుట్టిన తేదీ గడిలో పెళ్లి తేదీ వేసే పండితులనీ రోజూ చూస్తూ కూడా కోపం రాకపోతే నేను మనిషిని కాదు, మైలురాయిని.

కానీ పని విషయంలో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా వచ్చి వెళ్లినవాళ్లలో ఒక్కరికీ వీసా చిక్కు రాలేదు. ఏ గడిలో ఏ తేదీ వేస్తే ఎన్ని రోజులు కలిసొస్తాయో నాకు కంఠతా వచ్చు. పక్క డిపార్టుమెంట్ల వాళ్లు కూడా "ఆవిణ్ణి అడగండి, ఏదో ఒక దారి చెబుతుంది" అని పంపేవాళ్లు. ఆ మాట వినడం నాకు ఇష్టం. ఇప్పుడు దాచుకుని ఏం లాభం, చాలా ఇష్టం.

చెదల మేడమ్ కిందటేడు వానల్లో వచ్చింది. పరిశోధన చెదపురుగుల మీద. అందుకని ఆ పేరు నేనే పెట్టాను. ఆవిడకి తెలిసినా ఏమీ అనుకోలేదు సరికదా, ఫోన్ చేసినప్పుడల్లా "నేనండీ, చెదల మేడమ్‌ని" అని వచ్చీరాని మా భాషలో చెప్పి పకపకా నవ్వేది. ఆవిడ భర్త వడ్రంగి. పెళ్లాం చదివేది చెదలు, మొగుడు చేసేది కొయ్యపని, ఇక ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో ఏమో అని మా ఆయనకి చెప్పి రెండు రోజులు నవ్వుకున్నాను. వాళ్లకి తొమ్మిదేళ్ల కూతురు. బిరుసు జుట్టు, ఎప్పుడూ ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు చూపు. దానికి బుల్లి మేడమ్ అని పేరు పెట్టాను. మొదటిరోజే నన్ను ఆంటీ అంది. "ఆంటీ అంటే నాకు ఒళ్లు మండుతుంది, పెద్దమ్మా అను" అన్నాను. అప్పటి నుంచీ అలాగే పిలిచింది.

ఈ వీసాలో ఒక కిటుకుంది. అసలు రికార్డు చదువుకోవడానికి వచ్చినవాళ్లది. భర్తా పిల్లలూ దాని కింద వేలాడుతుంటారు. వడ్రంగికి అర్థమయ్యేలా చెప్పాలని, "మీ ఆవిడ రికార్డు దూలం. మీ ఇద్దరూ దానికి కట్టిన ఉయ్యాల" అన్నాను. ఆవిడ అనువాదం చేసి చెబితే అతను తల పైకెత్తి మా ఆఫీసు కప్పు వంక చూసి నవ్వాడు. అతను ఇక్కడ పని చేయకూడదు, రూలు. చేతులు ఊరికే ఉండలేక క్వార్టర్లలో అందరి కుర్చీలూ బల్లలూ బాగుచేసి పెట్టేవాడు.

వచ్చినవాళ్లందరికీ ఇన్సూరెన్స్ కాగితం గట్టిగా చదివి వినిపించాలి. అదీ రూలే. జ్వరమొస్తే ఇంత, కాలు విరిగితే ఇంత అని చదువుతూ చివరికి "దురదృష్టవశాత్తూ మరణిస్తే భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చే బాధ్యత కంపెనీదే" అనే చోటికి వచ్చేసరికి నేను రైలుబండిలా పరిగెత్తిస్తాను. వినేవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, సంతకం పెట్టేస్తారు. ఆవిడా అలాగే పెట్టింది.

నాలుగు నెలలు తిరిగేసరికి బుల్లి మేడమ్ బళ్లో మా భాష మా పిల్లల కంటే చక్కగా పట్టేసింది. వాళ్ల నాన్నకి మాత్రం పది మాటలు దాటలేదు. వాళ్ల భాష వచ్చినవాళ్లు క్యాంపస్‌లో ఇంకెవరూ లేరు, ఫోన్లో అనువాదం చేసే యాప్‌లలో కూడా అది లేదు. అందుకని తల్లి ల్యాబులో ఉన్నప్పుడు కొట్టుకెళ్లినా, డాక్టరు దగ్గరికెళ్లినా, నా కౌంటరుకొచ్చినా తండ్రి పక్కన ఆ పిల్లే. కాలి మునివేళ్ల మీద నిలబడి, గెడ్డం కౌంటరు మీద ఆనించి, "నాన్న ఏమంటున్నాడంటే" అని మొదలుపెట్టేది.

ఒక శనివారం పొద్దున చెదల మేడమ్ వంటింట్లో పాలు కాస్తూ కాస్తూ పడిపోయింది. తలలో నరం చిట్లిందట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నలభై రెండేళ్లు. ముందురోజు సాయంత్రం దాకా ల్యాబులో ఉంది, రిజిస్టరులో సంతకం కూడా ఉంది.

ఆదివారం పొద్దున క్వార్టర్లకి వెళ్లాను. వడ్రంగి మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా జనాన్ని కసురుకున్న నోరు ఆ రోజు పెగల్లేదు. ఆ పిల్ల మాత్రం లేచి వచ్చి నాకు కుర్చీ వేసింది.

"నాన్న ఏమంటున్నాడంటే, అమ్మని అమ్మమ్మ దగ్గరికి ఎప్పుడు పంపుతారు అని."

"వారం తిరక్కుండా పంపుతాం తల్లీ. దానికి ఇన్సూరెన్స్ ఉంది. పెట్టె, విమానం, కాగితాలు, అంతా వాళ్లే చూసుకుంటారు. నాన్ననేమీ దిగులు పెట్టుకోవద్దని చెప్పు. ఆ పూచీ నాది."

ఆ పిల్ల చెప్పింది. వడ్రంగి ఫోన్ తీసి అత్తగారికి చెప్పాడు. అటువైపు నుంచి ఒక ముసలి గొంతు చాలాసేపు మాట్లాడింది. మాటలు తెలియకపోయినా కడుపుకోత తెలుస్తుంది కదా. నేను కళ్లు తుడుచుకున్నాను.

"అమ్మమ్మ ఏమంటోందంటే," అంది బుల్లి మేడమ్, "ఒక్కసారి ముఖం చూస్తే చాలట. తాతయ్య పక్కన చోటు శుభ్రం చేయించి పెడుతుందట. అంతవరకూ ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే ఉంటుందట."

"వచ్చేస్తుందని చెప్పు," అన్నాను.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్లాను. ఆవిడ రికార్డు మూసేయాలి. కంప్యూటరు కారణం అడుగుతుంది. మూడే ఉన్నాయి. పని పూర్తయింది. మధ్యలో మానుకున్నారు. మరణం. నా చెయ్యి మూడోదాని మీదికి వెళ్లి ఆగిపోయింది. మరణం అని నొక్కితే కింద వేలాడుతున్న రెండు రికార్డులూ అదే రోజుతో తెగిపోతాయి. వడ్రంగీ పిల్లా ఆ క్షణం నుంచే ఈ దేశంలో ఉండకూడనివాళ్లు అవుతారు. ఇల్లు సర్దుకోవాలి, ఆ పిల్లకి మూడు వారాల్లో ఏడాది పరీక్షలు. అదే "పని పూర్తయింది" అని నొక్కితే, వెళ్లడానికి ముప్పై రోజుల గడువు వస్తుంది, కుటుంబానికి కూడా.

దారి దొరికింది. నాకు దొరక్కపోతే ఎవరికి దొరుకుతుంది!

కంప్యూటరు తేదీ అడిగింది. శనివారం వేద్దామనుకున్నాను. శనివారం ఆవిడ పని పూర్తిచేసింది అంటే పచ్చి అబద్ధం. శుక్రవారం దాకా చేసింది, సంతకం ఉంది. అంత పెద్ద అబద్ధం వేస్తూ అక్కడ నాకు నిజాయితీ గుర్తొచ్చింది చూడండి. శుక్రవారం తేదీ వేసి నొక్కేశాను. నన్నెవరూ అడగలేదు. వడ్రంగి అడగలేదు, మా పెద్దసారు అడగలేదు. ఆయన వచ్చేదాకా పావుగంట ఆగినా సరిపోయేది. ఆగలేదు. కిందికి వెళ్లి టీ తాగాను. ఆ టీ నాకు రుచిగానే ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ.

సాయంత్రం మా ఆయనకి చెబితే "నువ్వుండబట్టి సరిపోయింది, పాపం" అన్నాడు. నేను కాదనలేదు.

గురువారం ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. మరణించిన తేదీ నాటికి సదరు వ్యక్తి మీ సంస్థలో సందర్శక పరిశోధకురాలిగా నమోదై లేరు. కావున భౌతికకాయాన్ని తరలించే బాధ్యత మాకు వర్తించదు.

నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. కంపెనీకి ఫోన్ చేసి అరిచాను. "శుక్రవారం అర్ధరాత్రితో ఆవిడ పాలసీ ముగిసిందండి, రికార్డుతోపాటే ముగుస్తుంది," అంది అటువైపు అమ్మాయి. "ఆ తేదీ మేం వేసింది కాదు మేడమ్, మీ ఆఫీసు వేసిందే." ఇరవై రెండేళ్లలో వేల రికార్డులు మూశాను, పాలసీ రికార్డుతోపాటే ముగుస్తుందని నాకు తెలీదా? తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి నేనే పాఠం చెబుతాను.

ఉత్తరం పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లాను. ఆయన మెత్తటి మనిషి, నా మీద ఎప్పుడూ గొంతు లేపలేదు. చదివి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇలా ఎందుకు చేశావమ్మా?"

"వాళ్లకి ముప్పై రోజులు వస్తాయని సార్."

"మరణం అని వేసినా, పై ఆఫీసుకి ఒక్క ఉత్తరం రాస్తే కుటుంబానికి నెల రోజులు ఇస్తారు. రెండేళ్ల కిందట వేరే యూనివర్సిటీలో ఇచ్చారు కూడా. నన్నొక్క మాట అడిగి ఉంటే..."

"తేదీ మార్చమని రాద్దాం సార్."

"రాద్దాం. ఆరు వారాలు పడుతుంది. ఆసుపత్రివాళ్లు ఇంకో పది రోజులకి మించి ఉంచరు. పైగా మార్చిన రోజున వీళ్ల ముప్పై రోజులూ వెనక తేదీతో పోయి, ఉన్నన్నాళ్లూ వీసా లేకుండా ఉన్నట్టవుతుంది."

నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయన మంచినీళ్లు ఇచ్చాడు. "ఎవరడిగారమ్మా నిన్ను," అన్నాడు మెల్లగా, తిట్టినట్టు కాదు, నిజంగానే అర్థం కానట్టు.

డిపార్టుమెంటు వాళ్లు చందాలు వేశారు. మా ఆయన తన సెలవుల డబ్బు తెచ్చిచ్చాడు. అన్నీ కలిపినా పెట్టె విమానం ఎక్కేంత కాలేదు. వాళ్ల రాయబార కార్యాలయం సంతాపం తెలిపింది, అంతే.

ఆ సంగతి వడ్రంగికి చెప్పాల్సింది నేనే. చెప్పడానికి మధ్యలో ఉన్నది ఆ తొమ్మిదేళ్ల పిల్లే. క్వార్టర్లలో అదే కుర్చీలో కూర్చుని, "ఇన్సూరెన్స్ వాళ్లు కుదరదన్నారు తల్లీ. అమ్మని ఇక్కడే... ఇక్కడే ఉంచాలి" అన్నాను. ఎందుకు కుదరదన్నారో చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. నా అంత పిరికిది ఉండదు.

ఆ పిల్ల వెంటనే తండ్రి వైపు తిరగలేదు. నా మొహం చూసింది. "పూచీ మీది అన్నారు కదా," అంది.

"అన్నాను తల్లీ."

అప్పుడు తిరిగి తండ్రికి చెప్పింది. చెబుతున్నప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట వాళ్ల భాషలో తెలియదో, తెలిసీ అనలేకపోయిందో. వడ్రంగి దాన్ని దగ్గరికి లాక్కుని, మిగతాది చెప్పక్కర్లేదన్నట్టు తల నిమిరాడు. అత్తగారికి ఫోన్ చేయడానికి అతనికి ఒక పూట పట్టిందట.

ఊరి చివరి శ్మశానంలో మంగళవారం పదకొండింటికి పాతిపెట్టారు. డిపార్టుమెంటు నుంచి పదిహేనుమంది వచ్చారు. వడ్రంగి పెట్టె దగ్గర వంగి, మూత అతుకు మీద బొటనవేలు ఒకసారి ఆనించి చూసి లేచాడు. బుల్లి మేడమ్ ఫోన్ రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. అందులో వాళ్ల అమ్మమ్మ. ముసలావిడ ఏడవలేదు. మట్టి వేయడం అయ్యేదాకా కళ్లార్పకుండా చూస్తూనే ఉంది. పిల్ల చేతులు నొప్పెట్టి వణుకుతుంటే నేను ఫోన్ అందుకోబోయాను. ఇవ్వలేదు.

ఆ తర్వాత రెండు వారాలు నేను నిద్రకి మొహం వాచాను. ఆ పిల్ల పరీక్షలు రాసింది, పాసైంది. నేను సంపాదించిపెట్టిన ముప్పై రోజులు అలా పనికొచ్చాయి. వాళ్ల టికెట్ల కాగితాల కోసం రెండుసార్లు కౌంటరుకి వచ్చారు. రెండోసారి ఆ పిల్ల మునివేళ్ల మీద నిలబడి, "అమ్మమ్మ రోజూ మీ పేరు చెప్పి దండం పెట్టుకుంటోందట. నాన్న చెప్పాడట, మీరు మాకోసం చాలా తిరిగారని" అంది. నాకు ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అంతకంటే తిట్టినా బాగుండేది. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను, "నేను వాళ్లకి నిజం చెప్పేస్తాను." ఆయన, "చెబితే నీకు తేలికవుతుంది. వాళ్లకేమవుతుంది?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. "దండాలు పెట్టించుకుంటూ కూర్చోమంటావా?" అని మీదపడ్డాను.

వాళ్లు బయల్దేరడానికి ముందురోజు మధ్యాహ్నం క్వార్టర్లకి వెళ్లాను. గోడలన్నీ ఖాళీ. మంచం మీద రెండు సూట్‌కేసులు, ఒకటి మూసింది, ఒకటి తెరిచింది. వడ్రంగి కిటికీ రెక్కకి మేకు బిగిస్తున్నాడు. ఇల్లు అప్పగించేసి పోతూ కూడా బాగుచేస్తున్నాడు, ఏం మనిషో. నన్ను చూసి పని ఆపి కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"తల్లీ, నాన్నకి ఒక సంగతి చెప్పాలి. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఏమీ మార్చకు."

తల ఊపింది.

"అమ్మని పంపడానికి కుదరలేదు కదా, అది కంపెనీ తప్పు కాదు. నాది. నేను కంప్యూటర్లో అమ్మ పని శుక్రవారంతో అయిపోయిందని వేశాను. మీ ఇద్దరికీ ముప్పై రోజులు దొరుకుతాయని వేశాను. నన్నెవరూ అడగలేదు, నేనే వేశాను. శుక్రవారం వేయడం వల్ల శనివారానికి ఇన్సూరెన్స్ లేకుండా పోయింది."

ఆ పిల్ల ఎప్పటిలాగే లెక్క తేల్చుకుంటున్నట్టు చూసింది.

"శనివారం అని వేసి ఉంటే అమ్మ మాతో వచ్చేదా?"

"వచ్చేది తల్లీ. మరణం అని ఉన్నదున్నట్టు వేసి ఉన్నా వచ్చేది. మీ ముప్పై రోజులు కూడా వేరే దారిలో వచ్చేవి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది."

"నాకు ముప్పై రోజులు వద్దు," అంది.

వడ్రంగి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి ఏదో అడిగాడు. ఆ పిల్ల అతని వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. నేను తల దించుకున్నాను. కొడతాడా, తిడతాడా, వెళ్లిపొమ్మంటాడా, ఏదైనా సరే అనుకున్నాను. అతను సుత్తి కింద పెట్టి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. కళ్లలో నీళ్లు. తనకొచ్చిన పది మాటల్లోంచి వెతికి వెతికి, "మీరు... మంచి. చాలా మంచి," అన్నాడు. నా చేతులు కళ్లకద్దుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఏం చెప్పావే?" అన్నాను.

"అమ్మ సమాధిని మీరు చూసుకుంటారని చెప్పాను."

"నేను చెప్పమన్నది చెప్పలేదా?"

"లేదు." నా వైపు చూడకుండా సూట్‌కేసులో బట్టలు అణిచింది. "నాన్నకి చెబితే అమ్మమ్మకి చెబుతాడు. అమ్మమ్మ ఇప్పుడే కొంచెం తింటోంది."

"మరి నువ్వు?"

"నాకు చెప్పేశారు కదా," అంది. గొంతు లేవలేదు. "నాకు మీ మీద కోపంగా ఉంది. చాలా. నాన్నకి వద్దు."

నేను దాని దగ్గరికి వెళ్లబోయాను. అది పక్కకి జరిగింది. తొమ్మిదేళ్ల పిల్ల నెత్తిన నా బరువు తీసుకెళ్లి పెట్టాను. అది దించుకోవడానికి దానికి ఇంట్లో ఎవరూ లేరు, తండ్రి లేడు, అమ్మమ్మ లేదు, వినాల్సిన తల్లి ఎలాగూ లేదు. మా ఆయన అడిగిందానికి జవాబు అదీ.

ఆ పిల్ల జిప్పు లాగింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి లాగింది. తండ్రిని పిలవలేదు.

"దీని మీద కూర్చోండి," అంది. "అమ్మ బట్టలు కూడా ఇందులోనే పెట్టాం. మూసుకోవట్లేదు."

నేను సూట్‌కేసు మీద కూర్చున్నాను. ఆ పిల్ల నా చుట్టూ మెల్లగా జిప్పు వేసుకుంటూ వచ్చింది.